ఛాయా సోమేశ్వరుడి నీడను ఎడిట్ చేస్తే అది ఫోటోయేనా?

నల్లగొండ లెన్స్
పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం ఫోటో ఒకటి వాట్సాప్ గ్రూపులన్నీ తిరుగుతోంది. (మన నల్లగొండ పక్కన పానగల్లు. వనపర్తి దిక్కు పానగల్ కాదు, మళ్లీ మొదలుపెట్టకండి.) చూడని వాళ్లకు చెబుతున్నా: లింగం వెనక గోడ మీద పొద్దంతా కదలకుండా ఉండే ఆ స్తంభం నీడ కాటుక నలుపులో ఉంది, అంచు బ్లేడుతో కోసినట్టుంది. స్తంభం మీది చెక్కడం కూడా నీడలో తెలుస్తోంది! కింద 'పూర్వీకుల అద్భుతం, ఎడిటింగ్ లేదు' అని రాశారు. ఇప్పుడదే ఫోటో మన ఉమ్మడి జిల్లాల పోటీలో 'వింత ఫోటో' విభాగానికి వచ్చింది. గుడికి పోయినోళ్లకు తెలుసు, అక్కడ కనిపించేది బూడిద రంగు పట్టీ. అంచులు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో వేలు పెట్టి చూపించలేం. నేనైతే ఆ ఫోటో వద్దంటాను. మీరేమంటారు?

పాలమూరు పిల్లోడు
అన్నా, విభాగం పేరే వింత. ఉన్నది ఉన్నట్టు కావాలంటే ఆధార్ ఫోటోల పోటీ పెట్టుకోవాలి. 1857లోనే ఆస్కార్ రేలాండర్ ముప్పైకి పైగా నెగటివ్‌లు కలిపి ఒకే చిత్రం చేశాడు, అప్పుడు ఫోటోషాప్ ఉందా? జర్మనీ ఫోటోగ్రాఫర్ గుర్స్కీ రైన్ నది ఫోటోలోంచి అడ్డొచ్చిన పవర్ ప్లాంట్‌ను కంప్యూటర్‌లో తీసేశాడు. 2011లో అది వేలంలో 43 లక్షల డాలర్లకు పోయింది. ఆయన ఫ్యాక్టరీలు మాయం చేస్తే కళ, మనోడు నీడ కొంచెం ముదర చేస్తే మోసమా?

ఫిలిం రోల్ సార్
తమ్మీ, వాళ్లిద్దరూ చేసింది చెప్పుకున్నారు. నెగటివ్‌లు కలపడమే రేలాండర్ పనితనం, దాన్ని ఆయన దాచలేదు. గుర్స్కీ ఇంటర్వ్యూల్లోనే చెప్పాడు. చెప్పకుండా చేస్తే ఏమైందో కూడా చూడు. 1982 ఫిబ్రవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ నిలువు ముఖచిత్రంలో పట్టడానికి గీజా పిరమిడ్లను దగ్గరికి జరిపింది. జరిపింది కొంచెమే, కానీ ఆ మచ్చ ఇప్పటికీ పోలేదు. వార్తా ఫోటోల గురించి ఎక్కడ చర్చ వచ్చినా ఆ ముఖచిత్రమే ముందు గుర్తొస్తుంది.

పాలమూరు పిల్లోడు
అది పత్రిక సార్. ఇది మన ఊళ్ల పోటీ. పైగా మీ ఫోన్ కూడా ఒక్క క్లిక్కుకు నాలుగైదు ఫ్రేములు కలిపి, చీకటిని తేట చేసి ఇస్తుంది. ఎడిట్ కాని ఫోటో ఈ రోజుల్లో ఎవరి దగ్గరుంది?

దేవరకొండ డబ్బా
ఇంతకీ సూర్యుడు తిరుగుతున్నా ఆ నీడ ఎందుకు కదలదు? అది చెప్పండి ముందు.

ఫిలిం రోల్ సార్
అక్కడికి నేరుగా ఎండ రాదు కాబట్టి. బయటి వెలుగు చెదిరి, స్తంభాల సందుల్లోంచి పక్కల నుంచి లోపలికి చేరుతుంది. ఆ వెలుగు తక్కువగా పడిన చోటే గోడ మీద పట్టీలా ఆగుతుంది. ఎండ నుంచి పుట్టిన నీడ అయితే పొద్దుతో పాటు జరగాల్సిందే. చెదిరిన వెలుగులో నీడకు కత్తి అంచు రానే రాదు. మబ్బు పట్టిన రోజు మీ వాకిట్లో నిలబడి కింద చూసుకోండి, తెలుస్తుంది. అంటే ఆ ఫోటోలో పెంచింది నలుపు ఒక్కటే కాదు. ఏ కారణంతో ఆ నీడ కదలకుండా ఉందో, దాన్నే చెరిపేశారు. కట్టినవాడి తెలివి ఆ మెత్తటి అంచులోనే ఉంది.

చిటికి కట్టే చెయ్యి
సారు అంచు మాటెత్తారు కాబట్టి నేనూ వస్తున్నా. మాది పుట్టపాక. చిటికి పనిలో (ఇక్కత్‌కు మా మాట) నేతకు ముందే నూలును ఆసు పోసి (మేకుల చట్రం మీద చుట్టి), గ్రాఫ్ ప్రకారం గుర్తులు పెట్టి, రబ్బరు ముక్కలు చుట్టి కట్టి రంగులో ముంచుతాం. ఎంత బిగించినా కట్టు కిందికి రంగు కొంచెం పాకుతుంది. మగ్గం మీద పోగు వెంట్రుకవాసి జరిగినా పువ్వు అంచు చెదురుతుంది. ఆ చెదురే మా గుర్తు. బజారులో మిషన్ ప్రింటు 'పోచంపల్లి' చీరలు చూడండి, అంచు ముద్రేసినట్టు నీటుగా ఉంటుంది. తిప్పితే వెనక వెలిసిపోయి ఉంటుంది. మా బట్టకు రంగు పోగులోనే ఉంటుంది, అందుకే రెండు దిక్కులా ఒకటే.

ప్రింటు చీర అమ్ముకోవడం తప్పని నేననను. తక్కువ ధరకు కావాల్సిన వాళ్లు కొనుక్కుంటారు. దాన్ని పోచంపల్లి ఇక్కత్ అని అమ్మితేనే మా కడుపు మీద కొట్టినట్టు. జీఐ గుర్తింపు (ఈ సరుకు ఫలానా ప్రాంతానిదే అని చెప్పేది) తెచ్చుకున్నది అందుకే. నూనె పట్టించిన నూలుతో నేసే మా తేలియా రుమాలుకు 2020లో వచ్చింది. ఆ ఫోటో కింద 'ఎడిటింగ్ లేదు' అని రాసినోడికీ, ప్రింటు చీరకు ఇక్కత్ చీటీ అంటించినోడికీ నాకు తేడా కనిపించట్లేదు.

పాలమూరు పిల్లోడు
అక్కా, చీర విషయంలో ఒప్పుకుంటా. అక్కడ కొన్నోళ్ల డబ్బులు పోతాయి. ఫోటో చూసి ఎవడి జేబు ఖాళీ అయింది?

జడ్చర్ల జంక్షన్
జేబు సంగతి పక్కన పెట్టు. నువ్వు పాలమూరోడివే కదా, 2018లో పిల్లలమర్రికి సెలైన్ ఎక్కించిన ఫోటోలు గుర్తున్నాయా? అంత పెద్ద మర్రికి చెదలు పట్టి కొమ్మ విరిగితే, కాండంలోకి సూదులు దింపి, క్లోర్‌పైరిఫాస్ మందు నీళ్లలో కలిపి చుక్కచుక్కగా ఎక్కించారు. ఆసుపత్రి వార్డులో లాగా చెట్టు నిండా సీసాలు వేలాడాయి. పట్నంలో ఉన్న మా బావకు ఆ ఫోటో పంపితే 'ఎవడో బాగా కలిపాడు' అని నవ్వాడు. చెట్టు దగ్గరికి తీసుకుపోయి చూపిస్తే గానీ నమ్మలేదు. మన జిల్లాలో ఇన్నేళ్లలో వచ్చిన అన్నిటికన్నా వింత ఫోటో అది, అందులో ఒక్క చుక్క ఎడిటింగ్ లేదు. అబద్ధపు నీడకు బహుమతి ఇచ్చాక, రేపు అట్లాంటి ఫోటో వస్తే ఎవడు నమ్ముతాడు? పోయేది నిజంగా తీసినోడి సొమ్మే.

దేవరకొండ డబ్బా
ఇది గట్టిగా తగిలింది 😄

నల్లగొండ లెన్స్
బయట కూడా ఇదే గొడవ. 2023లో బోరిస్ ఎల్డాగ్సెన్ ఏఐతో చేసిన బొమ్మ పంపి సోనీ ప్రపంచ ఫోటోగ్రఫీ పోటీలో గెలిచి, బహుమతి వద్దన్నాడు. మరుసటి ఏడాది మైల్స్ ఆస్ట్రే దాన్ని తిరగేశాడు. వేరే పోటీలో ఏఐ విభాగానికి అసలు ఫోటో పంపాడు. తల లేనట్టు కనిపించే ఫ్లెమింగో, నిజానికి మెడ వంచి పొట్ట గోక్కుంటున్న పక్షి. జ్యూరీ మూడో స్థానం ఇచ్చింది, జనం ఓట్లూ దానికే పడ్డాయి. అసలు ఫోటో అని తనే చెప్పాక విభాగం తప్పని తీసేశారు. పోటీ వాళ్లు ఇద్దరినీ ఒకే తీరుగా చూడాలి కదా. అందుకే నా ప్రతిపాదన: 'వింత ఫోటో'కు ఒరిజినల్ ఫైలు తప్పనిసరి. కలిపినవి, ఏఐ బొమ్మలు 'వింత కల్పన' అని వేరే విభాగంలోకి. నీడ ఫోటో తీసినాయన విభాగం మార్చి దాన్ని అక్కడ పెట్టుకోవచ్చు, నేనే ఓటేస్తా.

పాలమూరు పిల్లోడు
ఫోన్ చేసే కలపడం ఏ విభాగంలోకి వస్తుందో అది కూడా రాయండి. లేకపోతే రేపు నా ఫోటో మీదే పడతారు. జడ్చర్లన్నా, పిల్లలమర్రి ఒప్పుకున్నా, కానీ నీడ ముదర చేయడం, గోడ మీద చెక్కడం కొత్తగా తగిలించడం రెండూ ఒకటేనని మాత్రం ఒప్పుకోను.

ఫిలిం రోల్ సార్
రెండూ ఒకటి కాదు, నిజమే. వెలుగునీడలు సరిచేయొచ్చు, లేనిది పెట్టకూడదు, ఉన్నది తీయకూడదు అని నిబంధనలో రాద్దాం. నెగటివ్‌తో వచ్చే నాలాంటి ముసలోళ్లు ఫైలుకు బదులు నెగటివ్ చూపిస్తారని కూడా చేర్చండి.