సమస్యాపూరణం: ఇద్దరొకటె యన్న నెడము వచ్చె

నిర్వాహకుడు:
మిత్రులందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగవ పాదం.

ఇద్దరొకటె యన్న నెడము వచ్చె

ఇద్దరూ ‘ఒకటే’ అన్నాక దూరం ఎలా వస్తుంది? అదే చిక్కు. పూరణ మాత్రం గిటారు, బేస్ గిటారు కలిసి ఒకే శ్రుతిలో వాయించే సందర్భానికే చెందాలి. మన సభ్యుల్లో ఈ రెండూ వాయించేవారు చాలామంది ఉన్నారు, కాబట్టి అనుభవం నుంచి రాయండి. యతి ఇ–ఎ. పాదం మొదట అవసరాన్ని బట్టి ‘నిద్దరు’, ‘యిద్దరు’ అని మార్చుకోవచ్చు. ఛందస్సుతో పాటు సంగీతం కూడా సరిచూస్తాను. గణాలు కుదిరి స్వరం తప్పితే పూరణ కుదరనట్టే.

ఆరుతీగలు:
నా పూరణ.

కేపొ రెండు మెట్ల కీలుగా బిగియింప
సీయె యనుచు పలుకు చేతి వేళ్ళు
తీగ మ్రోగె డీగ, దిగువ బేసున సీయె
ఇద్దరొకటె యన్న నెడము వచ్చె

రెండవ మెట్టు (ఫ్రెట్) మీద కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి ఉంచే బిగింపు) పెట్టి సీ కార్డు (కలిపి మీటే స్వరాల గుంపు) పట్టాను. అలవాటు కొద్దీ “పాట సీలో ఉంది” అని చెప్పాను. బేస్ వాయించే మిత్రుడు నా మాట నమ్మి సీ మీటాడు. నా తీగల నుంచి వస్తున్నది డీ. ఇద్దరం “సీ” అనే అన్నాం.

నిర్వాహకుడు:
శుభారంభం. ‘పలుకు చేతి వేళ్ళు’ అన్న చోట సమస్య మొత్తం విడిపోయింది. పలికింది వేళ్ళే గాని తీగలు కావు. కేపో ఒక్కో మెట్టు పైకి జరిగినప్పుడల్లా శ్రుతి అర స్వరం పెరుగుతుంది. రెండు మెట్లంటే పూర్తి స్వరం. ‘సీయె’ రెండుసార్లు వచ్చినా పునరుక్తి దోషం అనను. ఒకటి వేళ్ళ మాట, మరొకటి బేసు మాట. అదే పేరు రెండు నోళ్ళలో వినబడాలి, అప్పుడే చిక్కు తెలుస్తుంది. ‘సీయె’ తరువాత అచ్చుతో పాదం మొదలైంది. అక్కడ వాక్యం ముగిసింది కాబట్టి విసంధిని తప్పుగా లెక్కించను.

మంద్రస్వరం:
బేస్ వాయించేవాడిగా ఒక మాట చేర్చాలి. మేము వినడానికి ముందే గిటారు పట్టిన చేతిని చూస్తాం. సీ, ఏ మైనర్, ఎఫ్, జీ ఆకారాలు దూరం నుంచే గుర్తుపడతాం. కేపో ఉన్నప్పుడు ఆ చూపే మమ్మల్ని దెబ్బతీస్తుంది. రెండవ మెట్టు మీద కేపో ఉంటే ఆ నాలుగూ వరుసగా డీ, బీ మైనర్, జీ, ఏ అవుతాయి. నేను సీ కోసం మూడవ తీగ మూడవ మెట్టుకు వెళ్తాను, వెళ్ళవలసింది అయిదవ మెట్టుకు. “రెండు మెట్లు జరుపుకుంటే సరిపోతుంది కదా” అంటారు. సీలో వేసిన వరసలో ఖాళీ తీగలు ఉంటే అవి వాటంతట అవి జరగవు, వాటిని కూడా నొక్కి పట్టాలి. అంటే వేళ్ళ వరసే కొత్తగా నేర్చుకోవాలి. అందుకే గిటారు మిత్రులు ముందుగా మోగే స్వరం చెప్పాలని నా పట్టుదల. “సీ ఆకారం, మోగేది డీ” అంటే చాలు. ఇక నా పూరణ.

ఒక్క మెట్టు దించి యుంచె గిటారును
చెప్పె నతడు జీయె చేయి చూచి
బేసును దించ మరచి పెద్దతీగను మీటె
ఇద్దరొకటె యన్న నెడము వచ్చె

నిర్వాహకుడు:
భావం బాగుంది. ‘చేయి చూచి’ మరీ బాగుంది. చెవితో కాక చేయి చూసుకుని శ్రుతి చెప్పడమే ఇక్కడి పొరపాటు. మూడవ పాదంలో గణభంగం. ‘బేసు’ హగణం (గురువు, లఘువు) సరే, తరువాత ‘నుదిం’ లఘువు, గురువు వచ్చాయి. అది సూర్యగణం కాదు. ‘ను’ తీసేసి, ‘దించ’ను ‘దింప’ చేయండి.

బేసు దింప మరచి పెద్దతీగను మీటె

బే–పె యతి అలాగే నిలిచింది. సంగీతం సరిగ్గా ఉంది. అన్ని తీగలనూ అర స్వరం దించిన గిటారు మీద జీ పడితే మోగేది జీ ఫ్లాట్. దించని బేసు పెద్ద తీగ మూడవ మెట్టు మీద అసలైన జీ. పూర్తి స్వరం తేడా ఉంటే ఎవరో వేరే పాట వాయిస్తున్నారని తెలిసిపోతుంది. అర స్వరం తేడా అలా కాదు. ఇద్దరూ తమ వాద్యమే శ్రుతి తప్పిందనుకుని మరలు తిప్పడం మొదలుపెడతారు, అప్పుడు ఉన్న శ్రుతి కూడా పోతుంది.

మంద్రస్వరం:
సవరణకు ధన్యవాదాలు. ‘ను’ విభక్తి మీద మమకారంతో గణాన్ని పాడుచేసుకున్నాను. ఇంకొక సంగతి. అలా దించిన గిటారుతో ‘ఈ’ కార్డు ఆకారంలో ఉన్న పాట వాయిస్తే మోగేది ఈ ఫ్లాట్. నాలుగు తీగల బేసులో మామూలు శ్రుతికి అట్టడుగు స్వరమే ఈ, సుమారు 41 హెర్ట్జ్. దాని కింద ఈ ఫ్లాట్ లేదు. మూడవ తీగ ఆరవ మెట్టు మీద పై స్థాయిలో దొరుకుతుంది. శ్రుతి కలుస్తుంది, పాట అడుగున ఉండవలసిన బరువు మాత్రం పోతుంది. అలాంటి పాటలకు బేసు కూడా దించడమో, అడుగున బీ తీగ ఉన్న అయిదు తీగల బేసు తీసుకోవడమో చేయాలి.

స్వరలిపి:
అందరూ ‘ఎడము’ను అపశ్రుతిగానే తీసుకున్నారు. నేను ఇంపుగా తీసుకున్నాను.

వ్రాత యొకటె చూచి వాయించి రిద్దరు
మంద్రమందు బేసు మధురమాయె
సగము కంపనమ్ము చక్కగా నిలిచెను
ఇద్దరొకటె యన్న నెడము వచ్చె

స్వరలిపిలో ఒకే చోట ఒకే చుక్క పెట్టి గిటారుకూ బేసుకూ ఇస్తే, బేసు ఒక స్థాయి కింద మోగుతుంది. గిటారు ‘ఏ’ తీగ 110 హెర్ట్జ్, బేసు ‘ఏ’ తీగ 55. సరిగ్గా సగం. ఆ ఎడమే కలయికకు అందం.

నిర్వాహకుడు:
ఈ వారం నన్ను ఆపి ఆలోచింపజేసిన పూరణ ఇది. సమస్యలోని కష్టాన్ని తొలగించడం ఒక పద్ధతి, కష్టం అసలు లేదని చూపడం మరొక పద్ధతి. మీరు రెండవది చేశారు. రెండు వాద్యాలూ రాసిన దానికంటే ఒక స్థాయి కిందనే మోగుతాయి. గిటారు ఒక స్థాయి, బేసు కూడా ఒక స్థాయి. కాబట్టి ఒకే చోట ఉన్న ఒకే చుక్కను ఇద్దరూ చదివితే ఎడం రాదు. గిటారు ఐదవ తీగకూ బేసు మూడవ తీగకూ ఏ అన్న పేరు ఒకటే అయినా లిపిలో చోటు వేరు. గిటారుది రెండవ అదనపు గీత మీద ఉంటే, బేసుది మరొక క్లెఫ్‌లో (గీతల మీది స్వరస్థానాలను తెలిపే గుర్తు) అడుగు ఖాళీలో ఉంటుంది. మీరు చెప్పిన ‘ఒకే చుక్క’ మాట నిలవాలంటే, ఇద్దరూ ఒకే కాగితం మీది ఒకే పేరు చదివారని అనండి. “ఏ” అన్న పేరు చదివి ఇద్దరూ ఖాళీ తీగ మీటితే 110, 55 వస్తాయి. పద్యంలో ‘వ్రాత’ అన్నది పేరుకూ చెల్లుతుంది కాబట్టి పద్యం మార్చనక్కరలేదు, వివరణ మార్చితే చాలు.

పద్యంలో ఒకటే లోటు. మొదటి పాదంలో ‘ఇద్దరు’, నాలుగవ పాదంలో మళ్ళీ ‘ఇద్దరు’. సమస్యలోని మాట ముందే వాడేస్తే చివరి పాదానికి పదును తగ్గుతుంది. ఇలా చూడండి.

వ్రాత యొకటె చూచి వాయించినంతనే

స్వరలిపి:
రెండు సవరణలూ శిరోధార్యం. ‘వాయించినంతనే’ అనగానే మీటిన క్షణం కూడా కనబడింది.

సంచారి:
నాదొక పూరణ.

స్వరములేడు నొకటె సంచారమే వేరు
సీకి చేరె నొకడు సేద దీర
ఏకి బేసు దిగియె నిల్లదే తనకని
యిద్దరొకటె యన్న నెడము వచ్చె

సీ మేజర్, ఏ మైనర్ రెండింటికీ స్వరాలు ఏడూ అవే. గిటారు సీని ఇల్లు అనుకుంది, బేసు ఏని ఇల్లు అనుకుంది.

నిర్వాహకుడు:
మొదటి పాదం ఈ వారం వచ్చిన వాటిలో అన్నిటికంటే సహజంగా ఉంది. ‘తనకని’ తరువాత ‘యిద్దరు’ అని యడాగమం చేయడం కూడా సరైనదే. సంగీతం దగ్గర ఒక సూక్ష్మం ఉంది. ఇది మునుపటి పూరణల్లాంటి అపశ్రుతి కాదు. గిటారు సీ కార్డు అంటే సీ, ఈ, జీ. దాని అడుగున బేసు ఏ మోగిస్తే ఏ, సీ, ఈ, జీ కలిసి ఏ మైనర్ సెవెన్త్ అవుతుంది. చెవికి గుచ్చుకోదు. అయితే వెలుగుగా ముగియవలసిన పాట నీడలో ముగుస్తుంది. గిటారు వాయించేవారు తమ తప్పేమీ లేదని తెలిసి కూడా కలవరపడతారు. కార్డు పేరు పెట్టేది చాలాసార్లు అడుగు స్వరమే, ఆ బాధ్యత బేసుది. పాట ఏ కార్డు మీద విశ్రమిస్తుందో ముందే ఇద్దరూ మాట్లాడుకోవాలి.

కొత్తమెట్టు:
అందరికీ నమస్కారం. పద్యం రాయడం ఇది మూడవసారి, గిటారు పట్టి నాలుగు నెలలు. తప్పులుంటే చెప్పండి.

జీని పట్టి కేపొ చేర్చితి మూడింట
బీని మీటుమంటి బేసు తీగ
లెక్క తప్పలేదు లేశమైనను కాని
యిద్దరొకటె యన్న నెడము వచ్చె

నేను నిజంగా లెక్కపెట్టుకునే చెప్పాను. జీ, ఏ, బీ. మూడు. అయినా కలవలేదు. ఎందుకో ఇప్పటికీ తెలియదు.

ఆరుతీగలు:
మిత్రమా, మీరు అక్షరాలు లెక్కపెట్టారు, మెట్లు లెక్కపెట్టాలి. జీ మీద నిలబడి మొదలుపెట్టండి. ఒకటవ మెట్టు జీ షార్ప్, రెండవది ఏ, మూడవది బీ ఫ్లాట్. బీ కోసం నాలుగవ మెట్టు దాకా వెళ్ళాలి. బీకీ సీకీ మధ్య, ఈకీ ఎఫ్‌కీ మధ్య ఒక్కటే మెట్టు, మిగిలిన పక్కపక్క అక్షరాల మధ్య రెండేసి. ఇది చేతికి అలవాటయ్యేదాకా ప్రతివారూ తడబడతారు. మీరు బీ ఫ్లాట్ మోగించారు, మీ మిత్రుడు బీ మీటాడు.

మంద్రస్వరం:
బేసు మీద కూడా అంతే దూరం. మూడవ తీగ ఒకటవ మెట్టు బీ ఫ్లాట్, రెండవ మెట్టు బీ. మీ మిత్రుణ్ణి ఒక్క మెట్టు వెనక్కి రమ్మనండి.

నిర్వాహకుడు:
కొత్తమెట్టు గారూ, గణాలన్నీ సరిపోయాయి, యతులు కుదిరాయి. మూడవ ప్రయత్నానికి ఇది ఎంతో గొప్ప. బీ–బే యతి వినడానికే ముచ్చటగా ఉంది. పద్యంలో రెండు మాటలు మార్చితే మీ ప్రశ్నే జవాబు అవుతుంది. ‘తప్పలేదు’ను ‘తప్పెనేమొ’ చేయండి, ‘కాని’ని ‘కాన’ చేయండి.

జీని పట్టి కేపొ చేర్చితి మూడింట
బీని మీటుమంటి బేసు తీగ
లెక్క తప్పెనేమొ లేశమైనను కాన
నిద్దరొకటె యన్న నెడము వచ్చె

‘లేశము’ ఇప్పుడు అక్షరాలా నిజం. తప్పింది ఒక్క మెట్టే. ‘కానన్’ మీది ద్రుతం వల్ల ‘నిద్దరు’ వచ్చింది, అచ్చుల యతి అలాగే ఉంది.

నా పూరణ కూడా పెడుతున్నాను.

తీగ రెండు చోట్ల దిద్దిరి వేరుగా
ఏయె పలికె రెండు నింపుగాను
అలలు లేచె చెవుల నల్లాడె కలయిక
ఇద్దరొకటె యన్న నెడము వచ్చె

కేపో లేదు, తీగలు దించలేదు, పాట ఏదో ఇద్దరికీ తెలుసు. ఒకరి ట్యూనర్ (శ్రుతి చూపే పరికరం) 440కి, మరొకరిది 442కి పెట్టి ఉంది. 1975 నాటి ఐఎస్ఓ 16 ప్రమాణం ప్రకారం పై ఏ 440 హెర్ట్జ్, అయినా ట్యూనర్లలో ఆ అంకెను మార్చుకునే వీలుంటుంది. విడివిడిగా రెండు వాద్యాలూ శ్రుతిలోనే ఉంటాయి. కలిపితే అలలు. దీనికి అంకెలు చూడనక్కరలేదు. గిటారు ఐదవ తీగను ఖాళీగా మీటండి. బేసు ‘ఏ’ తీగను పన్నెండవ మెట్టు కడ్డీకి సరిగ్గా పైన వేలితో తాకీ తాకనట్టు ఉంచి మీటి, వెంటనే వేలు తీసేయండి. ఇప్పుడు రెండూ 110 దగ్గరే మోగుతాయి. తేడా ఉంటే ధ్వని పెరిగి తగ్గుతూ ఊగుతుంది. అర హెర్ట్జ్ తేడాకు రెండు సెకన్లకొక అల. ఊగడం నెమ్మదించే వైపుకు మర తిప్పండి.

కొత్తమెట్టు:
సవరణకు, మెట్ల లెక్కకు అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడే మిత్రుడు వచ్చాడు. ముందు బేసు మీద వేలు గట్టిగా నొక్కాడు, స్వరం మొద్దుగా వచ్చింది. మీరు చెప్పినట్టు తాకీ తాకనట్టు పెట్టాక గంటలా మోగింది. అల వినబడింది. మొదట గబగబా, తరువాత ఒక్కొక్కటిగా, చివరికి ఎంతసేపు విన్నా రాలేదు. అప్పుడు కేపో మూడవ మెట్టు మీదనే ఉంచి జీ పట్టాను, అతడు బీ ఫ్లాట్ మీటాడు. ఆ పాట రెండుసార్లు వాయించాం.