పక్షవాతం తర్వాత మాట రావట్లేదు, పద్యం వస్తోంది. సంగీత చికిత్స ఎవరైనా చేయించారా?

గోదారిగట్టు:
నమస్తే అండీ. మాది రాజమండ్రి దగ్గర పల్లెటూరు. నాన్నగారికి 67. మార్చిలో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. కాలు కాస్త కోలుకుంది, మాటే రాలేదు. మనం అన్నదంతా అర్థమవుతుంది. జవాబు చెప్పబోతే "త... త..." దగ్గరే ఆగిపోయి కళ్లనీళ్లు పెట్టుకుంటారు. వయసులో ఉండగా ఊరి నాటకాల్లో కృష్ణుడి వేషం వేసేవారు. మొన్న పక్కింటాయన హార్మోనియం తెచ్చి శ్రుతి పెడితే రాయబారం పద్యం ఎత్తుకుని, రాగంతో సహా, అక్షరం పొల్లుపోకుండా పాడేశారు! అయిపోయాక "మంచినీళ్లు కావాలా నాన్నా" అంటే మళ్లీ "త... త...". ఇంకోటి, చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ తిట్లు మాత్రం స్పష్టంగా వస్తున్నాయి. దీన్ని పట్టుకుని మాట తెప్పించే దారి ఉందా?

శ్రీను_హన్మకొండ:
తిట్లు వస్తున్నయంటే మనిషి గట్టిగనే ఉన్నడు అన్నా. ధైర్యంగుండు.

మాటామంతీ:
నేను స్పీచ్ థెరపిస్టుని. మనిషిని చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, మీరు రాసింది చదివితే బ్రోకా అఫేజియాలా ఉంది. చాలామందికి మాట కూర్చే పని మెదడు ఎడమ పక్కన జరుగుతుంది. అక్కడ దెబ్బ తగిలితే అర్థం చేసుకోవడం చాలావరకు నిలుస్తుంది, సొంతంగా వాక్యం కట్టడం పోతుంది. పాటలో కుడి పక్కకి పెద్ద వాటా ఉంది, అందుకే పద్యం వస్తోంది. వారాల పేర్లు, ఒకట్లు రెండ్లు, దండకాలు, తిట్లు కూడా అంతే. ఏళ్ల తరబడి నోటికి పట్టేసినవి కాబట్టి మిగిలిపోతాయి. సిగ్గుపడకండి.

దీని మీద కట్టిన పద్ధతి పేరు మెలోడిక్ ఇంటోనేషన్ థెరపీ. 1973లో బోస్టన్‌లో ఆల్బర్ట్, స్పార్క్స్, హెల్మ్ అనే ముగ్గురు వెలువరించారు. 2011లో తలకి తుపాకీ గుండు తగిలిన అమెరికా కాంగ్రెస్ సభ్యురాలు గాబ్రియెల్ గిఫర్డ్స్ మాట తిరిగి నేర్చుకోవడంలోనూ సంగీతం సాయపడింది.

చేసేది ఇదీ: రెండే స్వరాలు, ఒకటి పైన, ఒకటి కింద. "నీళ్లు కావాలి" తీసుకుంటే నీ–ళ్లు–కా–వా–లి, అయిదు అక్షరాలు. ఒక్కో అక్షరానికి ఆయన ఎడమ చేతితో బల్ల మీద ఒక్కో తట్టు. ముందు మీరు కూనిరాగం తీస్తారు. తర్వాత ఇద్దరూ కలిసి పాడతారు. తర్వాత మీరు మధ్యలో గొంతు తగ్గించేసి ఆయన్ని ఒంటరిగా వదులుతారు. ఆపైన "ఏం కావాలి?" అని అడిగి ఆగుతారు. నెమ్మదిగా రాగం పలచన చేసి మామూలు మాటలోకి దింపుతారు. వారానికి ఒకసారి చేస్తే లాభం లేదు, దాదాపు రోజూ ఉండాలి.

ఒక హెచ్చరిక. పద్యం పాడించుకుంటూ కూర్చుంటే ఆయనకి సంతోషం, మీకూ సంతోషం, మాట మాత్రం రాదు. పద్యం గుర్తున్నది, అంతే. నేర్పిన మాటలు బాగా వస్తాయి. కొత్త మాటలకి ఎంతవరకు పాకుతుందో మనిషిని బట్టి ఉంటుంది.

ఎంచుకునేటప్పుడు పునరావాస మండలి, అదే ఆర్‌సీఐ, నమోదు ఉన్న స్పీచ్ థెరపిస్టుని అడగండి. "సంగీత చికిత్స" బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు.

కృష్ణవేణి_బెజవాడ:
ఆ బోర్డు మాట మేమూ అనుభవించాం. బాబుకి నాలుగో ఏట ఆటిజం అన్నారు. ఇంటి దగ్గర్లో ఒక సెంటర్ (పేరెందుకు లెండి) నెలకి తొమ్మిది వేలు తీసుకుని, ఫోన్లో పాటలు పెట్టి గదిలో కూర్చోబెట్టేవాళ్లు. మూడు నెలలు అలాగే పోశాం. తర్వాత దొరికిన అమ్మాయి మొదటి రోజు పాటే పెట్టలేదు. రెండు చిన్న డప్పులు తెచ్చింది. వాడు ఎలా కొడితే తనూ అలాగే. వాడు ఆపితే తనూ ఆపేది. పావుగంటకి వీడు ఆపి, తలెత్తి ఆ అమ్మాయి మొహం చూశాడు. "ఏం, కొట్టవా?" అన్నట్టు. మూడేళ్లలో ఎవరి మొహమూ వాడంతట వాడు అలా చూడలేదు.

ఇప్పుడు పాట పాడుతూ చివరి మాట వదిలేసి ఆగుతుంది, వాడు పూర్తిచేస్తాడు. ఆ ఆగడమే అసలు వైద్యం అంటుంది. పెళ్లిళ్లలో బ్యాండ్ మేళం దగ్గరికి మాత్రం ఇప్పటికీ తీసుకెళ్లం, చెవులు మూసుకుని కేకలు పెడతాడు.

లెక్కలమాస్టారు:
సంతోషం అమ్మా. అయితే ఇది చదివి ఆశలు పెంచుకునేవాళ్ల కోసం ఒక మాట. 2017లో తొమ్మిది దేశాల్లో 364 మంది ఆటిజం పిల్లల మీద చేసిన పెద్ద పరీక్షలో, అయిదు నెలల సంగీత చికిత్స తర్వాత లక్షణాల స్కోరులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

కృష్ణవేణి_బెజవాడ:
తెలుసు మాస్టారూ, మా ఆయన అదే ప్రింటు తీసి చూపించి మాన్పిద్దామన్నారు. 2022లో కోక్రేన్ (వైద్య పరిశోధనల్ని బేరీజు వేసే సంస్థ) వాళ్లు 26 అధ్యయనాలు కలిపి చూస్తే పిల్లల్లో మొత్తం మీద మెరుగు కనబడే అవకాశం పెరుగుతోందన్నారు కదా. నాకు స్కోరు సంగతి తెలీదు. వాడు మొహం చూస్తున్నాడు, నాకది చాలు. స్పీచ్, ఆక్యుపేషనల్ థెరపీలు ఏదీ మానలేదు.

రాగసుధ:
ఇవన్నీ మన పెద్దలకి ఎప్పుడో తెలుసు. నిద్రకి నీలాంబరి, బీపీకి ఆనందభైరవి. శిష్యుడి కడుపునొప్పి కోసం దీక్షితులవారు అఠాణాలో కీర్తన కట్టారంటారు. గర్భంలోనే మొజార్ట్ వినిపిస్తే పిల్లలు తెలివైనవాళ్లవుతారని విదేశాల వాళ్లే ఒప్పుకున్నారు.

లెక్కలమాస్టారు:
కథ కథగా బాగుంది, నేనూ నీలాంబరి వింటూ పడుకునేవాణ్ణే. ఆనందభైరవి విని బీపీ మాత్ర మానేస్తే మాత్రం మళ్లీ ఈ చర్చ మొదటి పోస్టు దగ్గరికే వస్తాం. మొజార్ట్ సంగతంటారా, ఆ మాట పుట్టిన 1993 నాటి ప్రయోగంలో మొజార్ట్ విన్నది 36 మంది కాలేజీ విద్యార్థులు. కాగితం మడతల్లాంటి పనుల్లో కాస్త మెరుగు కనిపించింది, అదీ పదీ పదిహేను నిమిషాలే. కడుపులో పిల్లలు ఎక్కడా లేరు. సీడీలు అమ్ముకున్నవాళ్లు చేర్చారు వాళ్లని.

న్యూజెర్సీ_అమ్మ:
కడుపులో సంగతేమో గానీ ఇంక్యుబేటర్ సంగతి చెప్తా. మా పాప 30 వారాలకే పుట్టింది. ఇక్కడ ఆసుపత్రిలో మ్యూజిక్ థెరపిస్టు వచ్చి "మీ ఇంట్లో పాడుకునే లాలిపాట ఏది?" అని అడిగింది. మా నాయనమ్మ పాడేది చెప్పాను. పాప ఊపిరి చూసుకుంటూ పాట నడక తగ్గించమంది. గొంతు కూడా బాగా తగ్గించమంది, ఆ వార్డులో 45 డెసిబెల్స్ దాటకూడదట. తెర మీద గుండె అంకె మెల్లగా దిగడం కళ్లారా చూశా. 2013లో 11 ఆసుపత్రుల్లో 272 మంది నెలతక్కువ పిల్లల మీద ఇలాగే చేసి చూశారని తను చెప్పింది. తల్లిదండ్రుల కంగారూ తగ్గిందట. నా మట్టుకు నాకు, రెండు వారాలుగా గాజుపెట్టె బయట నిలబడటం తప్ప చెయ్యడానికి పనేమీ లేదు. ఆ రోజు ఒక పని దొరికింది.

శ్రీను_హన్మకొండ:
మా అమ్మమ్మది గూడ చెప్త. మతిమరుపు రోగం, నాలుగేండ్లాయె. నన్ను గుర్తుపట్టది. తానం చెయ్యమంటె కొడుతది. గని బతుకమ్మ పాట ఎత్తుకుంటె చప్పట్లు కొట్టుకుంట ఆఖరు దాంక పాడుతది. మా అత్త ఇప్పుడు గదే పట్టుకున్నది. పాట ఎత్తుకుంట చెయ్యి వట్టి తానానికి తీస్కపోతది, లొల్లి లేదు. రోగం తగ్గలె, తగ్గదని డాక్టర్ సాబ్ ముందే చెప్పిండు. తానం మాత్రం అయితున్నది.

మాటామంతీ:
శ్రీనుగారి అత్తగారిని మా క్లాసులో పాఠం చెప్పమనాలి.
గోదారిగట్టు గారూ, మొదలుపెట్టేటప్పుడు ఇంట్లో రోజూ అవసరమయ్యే పది మాటలు రాసుకోండి. మీకు తోచినవి కాదు, ఆయనకి కావాల్సినవి.

గోదారిగట్టు:
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. కాకినాడలో ఒక థెరపిస్టు దొరికారు, మిగతా రోజులు ఇంట్లో మేమే. నీళ్లు, కాఫీ, నొప్పి, బాత్‌రూమ్, చాలు... తొమ్మిది మాటలు నేను రాశాను. పదోది అమ్మని అడిగితే "ఏమే అని రాయి, నలభై రెండేళ్లుగా నన్ను పిలిచింది అలాగే" అంది.

"కాఫీ" ఎనిమిదో రోజు వచ్చింది, ఇంకా రాగంతోనే. "నొప్పి" సగం వస్తోంది. నిన్న సాయంత్రం సాధన టైము కూడా కాదు, అరుగు మీద కూర్చుని ఎడమ చేత్తో కుర్చీ మీద రెండు తట్లు తట్టి "ఏ–మే" అన్నారు. వంటింట్లోంచి అమ్మ "ఆఁ, వస్తున్నా" అని మామూలుగా పలికేసి, గరిట పట్టుకునే బయటికి పరిగెత్తుకొచ్చింది.