హైస్కూల్ డ్రాయింగ్ క్లాసు: ముందు టీ-స్క్వేరా, ముందు కంప్యూటరా?

వంకరగీత:
పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలకు టెక్నికల్ డ్రాయింగ్ చెబుతున్నాను. వారానికి రెండు పీరియడ్లు. బోర్డులూ టీ-స్క్వేర్లూ (టీ ఆకారంలో ఉండే పొడవాటి స్కేళ్లు) బల్లల మీదకి ఎక్కించి, షీట్లు అంటించి, పెన్సిళ్లు చెక్కుకునేసరికే పావుగంట పోతుంది. బార్డరూ, టైటిల్ బ్లాకూ (పేరూ వివరాలూ రాసే గడి) గీసేసరికి మిగతాదీ పోతుంది. మూడు నెలలు గడిచినా సగంమందికి టాప్ వ్యూ (వస్తువుని పైనుంచి చూస్తే కనిపించే బొమ్మ) అంటే ఏంటో తెలియడం లేదు, టైటిల్ బ్లాక్ మాత్రం ముత్యాల్లా గీస్తున్నారు. వచ్చే టర్మ్ నుంచి బోర్డులు పక్కన పెట్టేసి నేరుగా క్యాడ్‌తో, అంటే కంప్యూటర్‌లో డ్రాయింగ్ వేసే సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెడదామనుకుంటున్నా. తప్పా?

రెండుహెచ్:
తప్పే. ఇరవయ్యారేళ్లు డ్రాఫ్టింగ్ ఆఫీసులో చేసి ఇప్పుడు పిల్లలకి చెబుతున్నవాణ్ణి, మొహమాటం లేకుండా అంటున్నా. క్యాడ్‌లో పిల్లాడు ఓ దిమ్మ తయారుచేస్తాడు, బటన్ నొక్కుతాడు, ఫ్రంట్, టాప్, సైడ్ మూడు వ్యూలూ వాటంతటవే వచ్చి కూర్చుంటాయి. టాప్ వ్యూ అక్కడికే ఎందుకొచ్చింది, వెనకున్న అంచు డాష్ గీతగా ఎందుకు మారింది, ఇవేవీ వాడికి అక్కర్లేదు. చేత్తో గీసేవాడు ఫ్రంట్ వ్యూలోంచి ఒక్కో అంచునీ సన్నటి గీతతో కిందికి దింపుకోవాలి. చదువంతా ఆ దింపడంలోనే ఉంది. ముందు గట్టి 2హెచ్ పెన్సిల్‌తో సన్నగా, తర్వాత మెత్తటి హెచ్‌బితో దిట్టంగా. పెన్సిల్ చెక్కడానికి పావుగంట పడుతోందంటే తప్పు పెన్సిల్‌ది కాదు.

మిల్లీమీటరు:
బాగా చెప్పారు సార్.

ఎడమచేయి:
నేను ఎనిమిదేళ్లుగా ప్రొడక్ట్ డిజైన్‌లో ఉన్నాను, టీ-స్క్వేర్ ఒక్కసారి కూడా ముట్టలేదు. స్కూల్లో ముట్టాను, ఆ ముచ్చట చాలు. నాది ఎడమచేతి వాటం. టీ-స్క్వేర్ తల బోర్డు ఎడమ అంచుకే ఆనాలని రూలు. ఎడమచేత్తో గీసేవాళ్లు కుడి అంచుకి ఆనించుకోవచ్చని ఎవరూ చెప్పలేదు, నా అంతట నేను ఓసారి అలా పెడితే తిప్పించి పెట్టించారు. నా చేయి ఎప్పుడూ గీసిన గీతల మీదుగానే పోయేది, షీటంతా మసి. ప్రతి షీటుకీ నీట్‌నెస్ కింద మార్కులు కోత. వ్యూలన్నీ కరెక్టుగా ఉన్నా సరే.

రెండుహెచ్:
ఎడమచేతివాళ్లకి కుడి అంచు అని తెలిసిన మాస్టారెవరైనా చెబుతారు. మీ టీచరుకి తెలియకపోతే సబ్జెక్టేం చేసింది? మసి సంగతంటారా, గీసేటప్పుడు చేతి కింద ఓ కాగితం ముక్క వేసుకోవాలి. అంతోటి దానికి కంప్యూటర్ అక్కర్లేదు.

ఎడమచేయి:
నేను మాట్లాడుతోంది మార్కుల గురించి. మీరేమో కాగితం ముక్క దగ్గర ఆగిపోయారు.

సెక్షన్ఏఏ:
మధ్యలో దూరుతున్నా, తిట్టకండి. షెరిల్ సోర్బీ అని ఒకావిడ, అమెరికాలోని మిషిగన్ టెక్ యూనివర్సిటీలో 1993లో ఇంజనీరింగ్ మొదటి ఏడాది విద్యార్థుల కోసం ఓ కోర్సు మొదలుపెట్టారు. వస్తువుని మనసులో తిప్పి చూడటం కష్టమైనవాళ్ల కోసం. ఆ పద్ధతిలో చేత్తో స్కెచ్‌లు వేయించడం ముఖ్యమైన భాగం. కాబట్టి చేతిపని దండగేం కాదు. కానీ అది స్కెచ్ అండీ, టీ-స్క్వేర్ కాదు. మీరిద్దరూ ఈ రెంటినీ ఒకే గాటన కట్టి కొట్టుకుంటున్నారు.

రెండుహెచ్:
వాళ్లు కాలేజీవాళ్లు. ఇక్కడ మాట్లాడుతోంది హైస్కూల్ పిల్లల గురించి.

కోన్‌గుర్తు:
ఇంతకీ మీరు చెప్పేది ఫస్ట్ యాంగిలా (టాప్ వ్యూ ఫ్రంట్ వ్యూకి కింద), థర్డ్ యాంగిలా (పైన)?

వంకరగీత:
ఫస్ట్. ఇప్పుడు దాని గొడవెందుకు?

కోన్‌గుర్తు:
ఊరికే అడిగా.

రెండుహెచ్:
అసలు జబ్బు ఎక్కడుందో చెబుతా వినండి. చేసింది చెరిపేసి వెనక్కి పోయే బటన్ ఉన్నవాడికి గీసేముందు ఆలోచించే పని లేదు. ఈ కాలం డిజైనర్లు పంపే డ్రాయింగులు చూస్తూనే ఉన్నాను. ఒకే కొలత రెండుచోట్ల ఉంటుంది, రంధ్రానికి మధ్య ఎక్కడో చూపే సెంటర్ లైన్ ఉండదు, కావలసిన కొలత మాత్రం వెతికినా దొరకదు. రంగులు వేసిన బొమ్మ మాత్రం అద్దంలా మెరుస్తుంటుంది. వీళ్లకి బొమ్మ కావాలి, డ్రాయింగ్ అక్కర్లేదు. ఎనిమిదేళ్లు టీ-స్క్వేర్ ముట్టలేదని గొప్పగా చెప్పుకునేవాళ్ల దగ్గర్నుంచి ఇంకేం వస్తుంది.

ఎడమచేయి:
నా డ్రాయింగ్ ఒక్కటైనా చూశారా మీరు?

సరే, ఇంతదూరం వచ్చింది కాబట్టి నాకు నిజంగా ఎక్కడ మండిందో చెబుతా. స్కూలు పరీక్షలో ప్రశ్న. ఫ్రంట్ వ్యూ ఒక చతురస్రం, మధ్యలో అడ్డంగా ఒక గీత. టాప్ వ్యూ కూడా అచ్చం అంతే, చతురస్రం, మధ్యలో అడ్డగీత. సైడ్ వ్యూ గీయమన్నారు. ముందువైపు పై అంచుని ఏటవాలుగా చెక్కేసిన దిమ్మ గీశాను. కీలో మెట్టు ఉంది. సున్నా. వెళ్లి అడిగితే, క్లాసంతా మెట్టే గీసింది, నీకొక్కదానికే వాలు ఎక్కణ్ణించి వచ్చింది అన్నారు. ఇంటికొచ్చి సబ్బు కోసి చూశాను. ముందు నుంచి చూసినా పైనుంచి చూసినా ప్రశ్నలో ఇచ్చిన గీతలే. మర్నాడు ఆ సబ్బు పట్టుకెళ్లాను. ఆయన దానివైపు కన్నెత్తి చూడలేదు. నేను ఇది మర్చిపోలేదు, మర్చిపోను కూడా.

మిల్లీమీటరు:
కానీ కరెక్టు మెట్టే కదా?

వంకరగీత:
ఇప్పుడే కాగితం మీద వేసి చూశా. మెట్టూ సరిపోతోంది, వాలూ సరిపోతోంది. లోపలికి గుండ్రంగా తొలిచినా సరిపోతోంది!

మిల్లీమీటరు:
బయటికి గుండ్రంగా ఉంటే?

రెండుహెచ్:
సరిపోదు. బయటికి వంపయితే ముందు ముఖంలోకి నున్నగా కలిసిపోతుంది. అక్కడ అంచు లేదు, అంచు లేనిచోట గీత రాదు. లోపలికి తొలిస్తే పదునైన అంచు మిగులుతుంది కాబట్టి గీత వస్తుంది.

అమ్మా ఎడమచేయి గారూ, మీ వాలు కరెక్టే. సున్నా వేయడం అన్యాయం. ఆ మాట ఒప్పుకుంటా. కానీ ఆ ప్రశ్న ఇచ్చినవాడిది అంతకన్నా పెద్ద తప్పు. రెండు రకాలుగా చదవడానికి వీలున్నది డ్రాయింగే కాదు. కొత్తగా చేరిన రోజుల్లో, రెండు వ్యూలు చాలులే అని మూడోది గీయకుండా ఓ డ్రాయింగ్ వర్క్‌షాపుకి పంపాను. నా మనసులో ఉన్నది ఒకటి, మెషీన్ మీదున్నవాడు చేసింది ఇంకొకటి. వాడు డ్రాయింగ్ ప్రకారమే చేశాడు, వాణ్ణి ఏమీ అనడానికి లేదు. ఆ ముక్కలన్నీ తుక్కులోకి పోయాయి, నేను అందరి ముందూ నిలబడ్డాను. ఆ రోజు నుంచి నా డ్రాయింగ్‌కి ఒకటే అర్థం. పిల్లలకి నేను నేర్పేదీ అదే. నీట్‌నెస్ అని మీరు వెక్కిరిస్తున్నది దానికోసమే, గీత మందం తేడాగా ఉంటే చదివేవాడు దాన్ని ఇంకో గీత అనుకుంటాడు.

ఎడమచేయి:
అదీ సంగతి. ఇప్పుడు బయటపడింది. మన గొడవ పెన్సిల్ గురించీ కాదు, కంప్యూటర్ గురించీ కాదు. మీకు డ్రాయింగ్ అంటే అవతలివాడికి ఇచ్చే ఆర్డరు, ఇంకోలా అర్థం కాకూడదు. నాకు అది ఆలోచించుకునే చోటు. మూడు జవాబులొచ్చే ప్రశ్న మీకు తప్పు ప్రశ్న, నా దృష్టిలో పిల్లలకి ఇవ్వాల్సింది అలాంటివే. పదమూడేళ్ల పిల్ల ఏ మెషీన్‌వాడికి ఆర్డరు పంపాలండీ?

రెండుహెచ్:
ఈ విద్య పుట్టిందే ఆర్డరు కోసం. ఫ్రెంచి గణితవేత్త గాస్పార్ మోంజ్ దీన్ని మొదలుపెట్టింది ఫ్రాన్స్‌లోని మెజియేర్ సైనిక పాఠశాలలో, కోటగోడల లెక్క కోసం. సైన్యం దీన్ని ఏళ్లతరబడి రహస్యంగా దాచింది. 1795లో పారిస్‌లో ఆయన బహిరంగంగా పాఠాలు చెప్పేదాకా బయటివాళ్లకి తెలియనే తెలియదు.

ఎడమచేయి:
సగం కథే చెప్పారు. పొడుగాటి లెక్కలు చేయకుండా గీతలతోనే మోంజ్ జవాబు పట్టుకొస్తే, ఇంత తొందరగా ఎలా అవుతుందని పై అధికారి మొదట చూడటానికే ఒప్పుకోలేదంటారు. ఆ అధికారి నాకు బాగా తెలుసు. నా సబ్బు చూడనిది ఆయనే.

సెక్షన్ఏఏ:
😂

రెండుహెచ్:
నేనైతే మీ సబ్బు చూసేవాణ్ణి. చూసి వాలుకి పూర్తి మార్కులు వేసి, మసికి రెండు కోసేవాణ్ణి.

వంకరగీత:
సోమవారం బోర్డులూ తియ్యను, కంప్యూటర్లూ తెరవను. ఈ రెండు చతురస్రాలే బోర్డు మీద గీసి, తలో సబ్బు ముక్కా ఇచ్చి, ఎన్ని రకాల దిమ్మలు వస్తాయో కోసి స్కెచ్ వేయమంటా. తర్వాత ఒక్క దిమ్మే మిగలాలంటే ఇంకేం గీయాలో అడుగుతా. క్యాడ్ సంగతి ఆ తర్వాత చూద్దాం.

రెండుహెచ్:
స్కెచ్ అంటే స్కేలు లేకుండానా?

వంకరగీత:
లేకుండానే.

రెండుహెచ్:
ఆ షీట్లు మాత్రం ఇక్కడ పెట్టకండి, చూడలేను.

కోన్‌గుర్తు:
రెండో చతురస్రం ఫ్రంట్ వ్యూకి పైన గీస్తారా, కింద గీస్తారా? కింద గీసి, పేరు రాయకుండా, ఫస్ట్ యాంగిల్ అనీ చెప్పకపోతే, థర్డ్ యాంగిల్ అలవాటున్న పిల్లాడు దాన్ని అడుగు నుంచి చూసిన వ్యూ అనుకుంటాడు. అప్పుడు మెట్టు తలకిందులవుతుంది. మొదట్నుంచీ నేను అడుగుతున్నది ఇదే.