వోల్పీనా, కబయేరోనా? షార్ట్‌స్టాప్ దగ్గర ఇరుక్కుపోయా, ఎవరైనా చెప్పండి

ఎడిసన్ అబ్బాయి
అన్నలూ, అక్కలూ, సాయంత్రం నుంచి ఈ బేస్‌బాల్ ఫాంటసీ టీమ్ (అసలు ఆటగాళ్ళని ఎంచుకుని, వాళ్ళ ఆటని బట్టి పోటీపడే ఆన్‌లైన్ ఆట) ముందు కూర్చుని బుర్ర వేడెక్కిపోయింది. మా ఆవిడ అన్నానికి పిలిచి పిలిచి ఊరుకుంది. సంగతేంటంటే, మా ఆఫీస్ లీగ్‌లో నా దగ్గర న్యూయార్క్ యాంకీస్ జట్టు షార్ట్‌స్టాప్‌లు (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్లు) ఇద్దరూ ఉన్నారు, ఆంథనీ వోల్పీ, హోసే కబయేరో. ఇద్దరినీ పెట్టుకుంటే లైనప్ సేవ్ కావట్లేదు, ఎర్ర గీత వస్తోంది. ఎవరో ఒకరిని వదిలేయాలి. 2026 మార్చి 25న శాన్ ఫ్రాన్సిస్కోలో యాంకీస్ మొదటి మ్యాచ్, ఆలోపు తేల్చుకోవాలి. అసలు ఈ ఏడాది వాళ్ళలో ఎవరిని ఎక్కువ ఆడిస్తారు? న్యాయంగా ఎవరిని ఆడించాలి? చదివినకొద్దీ టెన్షన్ పెరుగుతోంది. ఒకడు వోల్పీ పనైపోయిందంటాడు, ఇంకొకడు కబయేరో బెంచ్‌కే సరిపోతాడంటాడు. ప్లీజ్, హెల్ప్ చేయండి.

నాలుగో బేస్
ఫార్మాట్ ఏది?

బ్రాంక్స్ బాబాయ్
తమ్ముడూ, ఇందులో అడగడానికి ఏముంది? వోల్పీ. 2023లో వచ్చీ రాగానే గోల్డ్ గ్లవ్ (ఉత్తమ ఫీల్డర్ అవార్డు) కొట్టాడు. అంతకుముందు యాంకీస్ రూకీ (తొలి ఏడాది ఆటగాడు) ఎవరికీ అది దక్కలేదు. అదే ఏడాది 21 హోమ్ రన్స్ (క్రికెట్ సిక్స్ లాంటి దెబ్బలు), 24 స్టీల్స్ (హిట్ లేకుండానే పరిగెత్తి తర్వాతి బేస్ దొంగిలించడం). 2024 వరల్డ్ సిరీస్ ఫైనల్లో మొదటి మూడు గేములూ ఓడి పరువు పోయే స్థితిలో ఉంటే, నాలుగో గేమ్‌లో డాడ్జర్స్ మీద గ్రాండ్ స్లామ్ (ఒకేసారి నాలుగు రన్స్ తెచ్చే హోమ్ రన్) కొట్టి నిలబెట్టింది ఎవరు? పోయినేడాది మే నెలలో డైవ్ చేసి ఎడమ భుజం దెబ్బతీసుకున్నాడు. అయినా ఆ భుజంతోనే 153 గేములు ఆడాడు. అక్టోబర్‌లో సర్జరీ అయింది. అలాంటివాణ్ణి పట్టుకుని పనైపోయింది అనడానికి నోరెలా వస్తుంది జనానికి? న్యూజెర్సీలో పెరిగాడు, చిన్నప్పటినుంచీ యాంకీస్ పిచ్చి. మన ఎడిసన్ పక్కవాడే అనుకో. నువ్వే వదిలేస్తే ఎలా?

సగటు మనిషి
బాబాయ్ గారూ, భుజం నొప్పి 2025కి మాత్రమే సమాధానం. వోల్పీ బ్యాటింగ్ సగటు వరసగా చూడండి: 2023లో .209, 2024లో .243, 2025లో .212. మొదటి రెండేళ్ళూ భుజం బాగానే ఉందిగా? పోయినేడాది ఎర్రర్లు (ఫీల్డింగ్ పొరపాట్లు) 19. గోల్డ్ గ్లవ్ తెచ్చినవాడి లెక్క ఇది.

ఇటు కబయేరోని చూడండి. 2024లో 44 స్టీల్స్‌తో అమెరికన్ లీగ్‌లో ఫస్ట్. 2025లో 49తో మొత్తం మేజర్ లీగ్‌లోనే ఫస్ట్. జూలై 31న యాంకీస్ స్టేడియంలో టాంపా బే రేస్ జట్టు తరఫున ఆడుతుండగా, మ్యాచ్ మధ్యలోనే యాంకీస్‌కి ట్రేడ్ చేసేశారు. ఎదుటి డగౌట్‌లోకి వెళ్ళిపోయాడు! అలా వచ్చి ఆ మిగిలిన రెండు నెలల్లోనే 15 బేసులు దొంగిలించాడు, .266 కొట్టాడు. న్యాయంగా ఎవరిని ఆడించాలి అని కదా అడిగారు? ఇదీ నా జవాబు.

విశ్రాంత అయ్యవారు
ఈ ఫాంటసీ అనేది ఏ పేరుతో పిలిచినా జూదమే బాబూ. తెలంగాణ 2017లోనే చట్టం సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు ఆపింది. ఆంధ్రప్రదేశ్ 2020లో ఆపింది. పోయినేడాది ఆగస్టులో పార్లమెంటే చట్టం చేసి దేశమంతా ఆపేసింది. మా వీధిలో ఒక కుర్రాడు క్రికెట్ యాప్‌లో తండ్రి పింఛను డబ్బు పోగొట్టాడు. చదువుకుని అమెరికా వెళ్ళి కూడా ఇదే పనా? ముందు లేచి భోజనం చెయ్యి నాయనా.

ఎడిసన్ అబ్బాయి
మాస్టారూ, నమస్కారం. ఇందులో డబ్బు లేదండీ. సీజన్ చివర్లో ఆఖరి స్థానంలో ఉన్నవాడు టీమ్ అందరికీ లంచ్ పెట్టాలి, అంతే. పోయినేడాది నేనే పెట్టాను, అదీ నా బాధ.

నాలుగో బేస్ అన్నా, ఫార్మాట్ అంటే అందరిదీ ఒకటేగా. హెడ్ టు హెడ్, ఒకరితో ఒకరికి పోటీ.

నాలుగో బేస్
హెడ్ టు హెడ్‌లో రెండు రకాలు. పాయింట్సా, కేటగిరీలా?

గుంటూరు గూగ్లీ
నేను క్రికెట్ మనిషిని, బేస్‌బాల్ ఇప్పుడిప్పుడే చూస్తున్నా. షార్ట్‌స్టాప్ అంటే పాయింట్‌లో జాంటీ రోడ్స్ ఉన్నట్టు అని మా రూమ్మేట్ చెప్పాడు. అలాగైతే బ్యాటింగ్ సగటుతో పనేముంది, ఎవరు బాగా ఆపుతాడో వాణ్ణే పెట్టాలిగా? ఇంకో మాట. ఎడమచేతి పిచ్చర్ వచ్చినప్పుడు ఒకణ్ణి, కుడిచేతి పిచ్చర్ వచ్చినప్పుడు ఇంకొకణ్ణి ఆడించొచ్చు కదా, అలా ప్లటూన్ చేస్తారని విన్నాను.

నాలుగో బేస్
ఇద్దరూ కుడిచేతి వాటమే, అలా మార్చినా లాభం లేదు.

బ్రాంక్స్ బాబాయ్
గూగ్లీ బాబూ, ఆపడం గురించి మంచి మాట అన్నావు. సగటు మనిషి గారూ, 19 ఎర్రర్లు అని ఊరికే చెప్పేస్తే ఎలా? ఎర్రర్ ఇచ్చేది పైన కూర్చున్న స్కోరర్. మామూలు ప్రయత్నంతో అందాల్సిన బంతి వదిలేశాడు అని అతనికి అనిపిస్తే ఎర్రర్. అసలు ఆ బంతి దాకా వెళ్ళనివాడికి ఏ ఎర్రరూ ఉండదు, అది హిట్ కింద పోతుంది. దూరం వెళ్ళి చెయ్యి తగిలించినవాడికే మచ్చ. కదలకుండా నిలబడితే రికార్డు శుభ్రం! అందుకే ఎర్రర్లు చూసి షార్ట్‌స్టాప్‌ని తూచకూడదు అంటాను.

సగటు మనిషి
సూత్రం కరెక్టే. కానీ పోయినేడాది వోల్పీ ఎర్రర్లలో చాలావరకు దూరం వెళ్ళి పట్టినవి కాదు. నేరుగా వచ్చినవి జారాయి, ఫస్ట్ బేస్‌కి విసిరినవి గతి తప్పాయి. మ్యాచ్‌లు చూసినవాళ్ళకి తెలుసు. స్కోరర్ మీద తోసేస్తే అయిపోదు.

ఇంకోటి, గోల్డ్ గ్లవ్ గోల్డ్ గ్లవ్ అంటున్నారు. అది ఎక్కువగా మేనేజర్లూ కోచ్‌లూ వేసే ఓటు. 2013 నుంచే అందులో పావు వంతు గణాంకాలకి ఇచ్చారు. అంతకుముందు పేరును బట్టి పోయేది. 2004 నుంచి 2006 దాకా వరసగా మూడేళ్ళు, మళ్ళీ 2009, 2010లో యాంకీస్ షార్ట్‌స్టాప్ డెరెక్ జీటర్‌కి ఇచ్చారు. ఫీల్డింగ్ లెక్కలు వేసేవాళ్ళు అప్పుడే నెత్తి కొట్టుకున్నారు.

బ్రాంక్స్ బాబాయ్
జీటర్ జోలికి రావొద్దు. ఒకటే మాట.

సగటు మనిషి
జోలికి కాదు బాబాయ్ గారూ, చరిత్ర. 2004లో అలెక్స్ రోడ్రిగెజ్ టెక్సస్ జట్టు నుంచి యాంకీస్‌కి వచ్చాడు. అంతకు ముందు రెండేళ్ళూ షార్ట్‌స్టాప్‌గా గోల్డ్ గ్లవ్ అతనిదే. 2003 అమెరికన్ లీగ్ ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) కూడా అతనే. అంతటివాణ్ణి థర్డ్ బేస్‌కి జరిపి జీటర్‌ని కదపలేదు. ఎందుకు? కెప్టెన్ కాబట్టి. మా జట్టు కుర్రాడు, మనవాడు అనే మమకారం యాంకీస్‌లో అప్పటి నుంచీ ఉంది. వోల్పీకి ఇన్ని ఛాన్సులు అందుకే.

బ్రాంక్స్ బాబాయ్
2009లో వరల్డ్ సిరీస్ గెలిచారా లేదా? జీటర్ షార్ట్, రోడ్రిగెజ్ థర్డ్. ఇంకేం కావాలి నీకు?

ఆస్టిన్ అక్క
మీరిద్దరూ 2009లోనే ఉండండి, నేను పిల్లాడికి జవాబు చెప్తాను.

బాబూ, నేను ఇక్కడ ఒక లీగ్ నడుపుతున్నాను, ఈ ప్రశ్న ప్రతి మార్చిలో వస్తుంది. నీకు కావలసింది ఎవరు గొప్ప అన్నది కాదు, మీ లీగ్ దేనికి పాయింట్లు ఇస్తుంది అన్నది. నాలుగో బేస్ గారు అడిగింది అదే, నువ్వు ఇంకా చెప్పలేదు.

కేటగిరీల లీగ్ (ఒక్కో గణాంకంలో ఎవరు ముందున్నారో విడివిడిగా చూసేది) అయితే స్టీల్స్ ఒక కేటగిరీ మొత్తం. 49 స్టీల్స్ చేసేవాడు ఒక్కడుంటే చాలావారాలు ఆ కేటగిరీ నీదే. అక్కడ కబయేరో బంగారం. పైగా సెకండ్, థర్డ్, అవుట్‌ఫీల్డ్ కూడా ఆడాడు కాబట్టి ఎక్కడైనా ఇరికించొచ్చు.

పాయింట్స్ లీగ్ అయితే లెక్క తిరగబడుతుంది. మామూలుగా ఒక బేస్‌కి 1, రన్‌కి 1, ఆర్బీఐకి (తన బ్యాటింగ్ వల్ల జట్టుకి వచ్చిన రన్) 1, వాక్‌కి (నాలుగు చెడ్డ బంతులకి ఉచితంగా ఫస్ట్ బేస్) 1, స్టీల్‌కి 1, స్ట్రైకౌట్‌కి (మూడు స్ట్రైకులతో అవుట్) మైనస్ 1 ఉంటుంది. హోమ్ రన్ కొడితే నాలుగు బేసులు, తన రన్, కనీసం ఒక ఆర్బీఐ, వెరసి 6. వోల్పీ పోయినేడాది కొట్టిన 19 హోమ్ రన్స్‌కే కనీసం 114. కబయేరోకి 49 స్టీల్స్‌కి 49, 5 హోమ్ రన్స్‌కి 30, మొత్తం 79. మిగతా హిట్లూ స్ట్రైకౌట్లూ కలిపాక తేడా మారుతుంది, కానీ స్టీల్ మీద ఆశపడి పాయింట్స్ లీగ్‌లో జట్టు కట్టకూడదు.

ఇంతకీ మీ లీగ్‌లో ఐఎల్ (గాయపడ్డవాళ్ళ జాబితా) స్లాట్ ఉందా?

ఎడిసన్ అబ్బాయి
పాయింట్స్ అక్కా. ఐఎల్ స్లాట్లు రెండున్నాయి, రెండూ ఖాళీ. వోల్పీని అందులో పెట్టబోతేనే ఎర్ర గీత వస్తోంది, మొదట్లోనే చెప్పాగా.

నాలుగో బేస్
చెప్పలేదు.

ఆస్టిన్ అక్క
అదీ సంగతి! అయితే ఎవరినీ వదలక్కర్లేదు. వోల్పీ సీజన్ మొదట్లో ఆడడని అందరికీ తెలుసు, కానీ చాలా సైట్లు జట్టు అధికారికంగా ఐఎల్‌లో పెట్టేదాకా ఒప్పుకోవు. మామూలుగా ఆ ప్రకటన సీజన్ మొదలయ్యే ముందు వస్తుంది. అతని పేరు పక్కన ఐఎల్ గుర్తు పడగానే అటు జరుపు. అప్పటిదాకా బెంచ్‌లో చోటు కోసం ఆఖర్న తీసుకున్న పిచ్చర్‌ని వదిలెయ్. ఏప్రిల్ అంతా కబయేరోని ఆడించు, వోల్పీ తిరిగొచ్చాక భుజం ఎలా ఉందో రెండు వారాలు చూసి అప్పుడు నిర్ణయించుకో. భుజం సర్జరీ తర్వాత బ్యాటింగ్‌లో బలం వెంటనే రాదు. అతను వచ్చినా కబయేరోని పూర్తిగా కూర్చోబెట్టరు, అన్ని చోట్లా ఆడగలడు కాబట్టి వారంలో కొన్ని రోజులైనా దొరుకుతాయి.

ఎడిసన్ అబ్బాయి
ఆ పిచ్చర్‌ని వదిలితే మా మేనేజర్ క్షణంలో ఎగరేసుకుపోతాడు అక్కా. కాచుకుని కూర్చున్నాడు.

సగటు మనిషి
అక్కగారూ, "కొన్ని రోజులు" అంటే? మ్యాచ్ మొదటినుంచీ ఆడటం వేరు, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో పరిగెత్తడానికి పంపడం వేరు. రెండూ ఆడిన గేమ్ కిందే లెక్కేస్తారు. కబయేరోకి ఎన్ని గేములు వచ్చాయని కాదు, ఎన్నిసార్లు బ్యాట్ పట్టాడు అని చూడాలి. ఛాన్స్ ఇచ్చామని చెప్పుకోవడానికి గేములు చూపిస్తారు.

బ్రాంక్స్ బాబాయ్
అవసరానికి పరిగెత్తడానికి పంపేవాణ్ణే బెంచ్ ఆటగాడు అంటారు. నువ్వే ఒప్పుకున్నావు.

సగటు మనిషి
లీగ్ మొత్తంలో ఎక్కువ బేసులు దొంగిలించినవాణ్ణి బెంచ్ ఆటగాడు అనేది మీరొక్కరే.

గుంటూరు గూగ్లీ
ఒక చిన్న డౌట్. బేస్ దొంగిలించడం అంటే పిచ్చర్ బంతి వెయ్యకముందే పరిగెత్తాలా, వేశాకా? రనౌట్ లాగా అవుట్ చేస్తారా?

విశ్రాంత అయ్యవారు
దొంగతనం అని ఆటకే పేరు పెట్టుకున్నారు. ఇక చెప్పేదేముంది.

ఎడిసన్ అబ్బాయి
పిచ్చర్‌ని వదిలేశా, లైనప్ సేవ్ అయింది. థాంక్స్ అక్కా. తినడానికి వెళ్తున్నా.

బ్రాంక్స్ బాబాయ్
వోల్పీని మాత్రం వదలకు తమ్ముడూ. జూన్‌లో గుర్తు చేస్తాను.

మిల్పిటాస్ మామ
ఇప్పుడే చూశాను. మీ లీగ్‌లో లైనప్ రోజూ మార్చుకోవచ్చా, వారానికొకసారి లాక్ అవుతుందా? వారానికొకసారైతే అక్క చెప్పినట్టు చెయ్యొద్దు, కబయేరో రెండు రోజులు కూర్చుంటే ఆ వారం చోటంతా దండగ. అప్పుడు నేను వేరే షార్ట్‌స్టాప్ పేరు చెప్తాను.