ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు ఫ్యాక్టరీలోనే చేయించాలా?

ప్లానింగ్‌సెల్
మెకానికల్, ప్రొడక్షన్ పిల్లల చివరి సెమిస్టర్ మొత్తం ఫ్యాక్టరీలోనే గడవాలి, ప్రాజెక్టు ఆ ఫ్యాక్టరీ సమస్య మీదే ఉండాలి. నా వాదన ఇదే. అమీర్‌పేటలో డబ్బు కట్టి తెచ్చుకున్న రిపోర్టుకు బైండింగ్ చేయించుకుని వైవాకు వెళ్లడం ఇంకెన్నాళ్లు?

ఇది కుదిరే పనే. అమెరికాలో ఎంఐటీ 1988లో పెద్ద తయారీ కంపెనీలతో కలిసి ఒక కోర్సు మొదలుపెట్టింది. ఇప్పుడు దాన్ని లీడర్స్ ఫర్ గ్లోబల్ ఆపరేషన్స్ అంటున్నారు. రెండేళ్లలో ఎంబీఏ, ఇంజినీరింగ్ మాస్టర్స్ రెండూ వస్తాయి. మధ్యలో ఆరు నెలలు కంపెనీలో పని, దాని మీదే థీసిస్. అందులో ఒక విద్యార్థి ఫెలిపె కారో, జెరెమీ గాలియెన్ అనే ప్రొఫెసర్లతో కలిసి స్పెయిన్ బట్టల కంపెనీ జారా కోసం పనిచేశాడు. ఏ షాపుకు ఏ సైజు ఎన్ని పంపాలన్నది ప్రశ్న. ఎం లాంటి ముఖ్యమైన సైజు అయిపోతే షాపువాళ్లు ఆ డ్రెస్సు మిగతా సైజులను కూడా ర్యాక్ మీంచి తీసి లోపల పెట్టేస్తారట. ఇక ఎక్స్‌ఎల్ ఎన్ని పంపినా దండగే కదా! ఈ అలవాటును కూడా లెక్కలో కలిపి మోడల్ కట్టారు. ప్రయోగంలో అమ్మకాలు 3 నుంచి 4 శాతం పెరిగాయి, ఆ తర్వాత కంపెనీ అన్ని షాపులకూ అదే పెట్టుకుంది. క్లాసులో కూర్చున్నవాడికి ఆ ర్యాక్ సంగతి ఎలా తెలుస్తుంది?

బాలానగర్‌షెడ్డు
కథ బాగుంది సార్. కానీ ఆ కోర్సులో చేరాలంటే ముందే కనీసం రెండేళ్లు ఉద్యోగం చేసి ఉండాలి, ఆ మాట మీరు చెప్పలేదు. మా దగ్గరికి వచ్చేవాడు కొలతలు తీసే వెర్నియర్ పట్టుకోవడం కూడా అప్పుడే నేర్చుకుంటుంటాడు.

మాది బయటి కంపెనీలిచ్చే పని చేసిపెట్టే జాబ్‌వర్క్ యూనిట్, పనిచేసేది పాతికమంది. కుర్రాడు వస్తే పక్కన ఒక ఆపరేటర్ నిలబడాలి, ఆ మేరకు ప్రొడక్షన్ పోయినట్టే. వేలు తెగితే బాధ్యత నాది. ఒకడైతే మా కస్టమర్ డ్రాయింగ్‌ను ఫొటో తీసి రిపోర్టులో అతికించేశాడు! ఆ ఆర్డర్ నిలబెట్టుకోవడానికి ఎవరెవరి కాళ్లు పట్టుకున్నానో నాకే తెలుసు.

ఫైనల్‌ఇయర్‌మెక్
అన్నా, మా వైపు కూడా వినండి. నేను వెళ్లిన చోట నెలరోజులు స్టోర్స్‌లో బోల్టులు లెక్కపెట్టించి దానికి ‘ఇన్వెంటరీ ప్రాజెక్టు’ అని పేరు పెట్టారు. స్టైఫండ్ సున్నా. పైగా ప్లేస్‌మెంట్ల టెన్షన్ ఒకటి. బిట్స్ పిలానీ వాళ్లకు కంపెనీలో పనిచేసే ప్రాక్టీస్ స్కూల్ 1973 నుంచీ ఉంది, ఐదున్నర నెలలు, దానికి క్రెడిట్లు కూడా ఇస్తారు. మా కాలేజీలో ఒక లెటర్ చేతికిచ్చి నువ్వే వెతుక్కో అంటారు.

బ్లాక్‌బోర్డు
నేను లెక్చరర్‌ని. జారా సంగతిలో అందరూ విద్యార్థినే చూస్తున్నారు, ఆ ఇద్దరు ప్రొఫెసర్లు పడ్డ శ్రమ ఎవరికీ కనిపించడం లేదు. మా దగ్గర ఒక్కో గైడ్ నెత్తిన నాలుగైదు బ్యాచ్‌లు ఉంటాయి. ఫ్యాక్టరీకి వెళ్తానంటే ఆ రోజు సెలవు పెట్టుకోమంటారు.

చిన్న యూనిట్‌లో సాఫ్ట్‌వేర్ మోడళ్ల దాకా పోనక్కర్లేదు. ప్రెస్ మెషీన్‌లో డై, అంటే రేకును నొక్కి ఆకారం తెచ్చే అచ్చు, మార్చే పనిని మొదటి నుంచి చివరిదాకా వీడియో తీయమనండి చాలు. మెషీన్ ఆగాక తప్పక చేయాల్సినవి ఏవి, మెషీన్ నడుస్తుండగానే ముందే చేసి పెట్టుకోగలిగినవి ఏవి అని విడదీయాలి. జపాన్‌లో షిగియో షింగో ఈ పద్ధతితోనే డై మార్పును 10 నిమిషాల లోపుకు తేవచ్చని చూపించాడు. ఈ సెట్టింగ్ టైం తగ్గితే ఒక్కో విడత కొట్టే బ్యాచ్ చిన్నది చేసుకోవచ్చు, షెడ్డులో సగం తయారై పడి ఉండే సరుకూ తగ్గుతుంది. ఆపరేటర్‌కు ఇదంతా తెలిసే ఉంటుంది, కానీ కూర్చుని రాసే తీరిక అతనికి ఉండదు. కుర్రాడి దగ్గర ఉన్నది ఆ తీరికే.

ప్లానింగ్‌సెల్
డ్రాయింగుల భయానికీ దారి ఉంది. ఎంఐటీ థీసిస్‌లలో కంపెనీ అంకెలను మార్చి వేయడం మామూలే. రిపోర్టు కాలేజీకి చేరేముందు యజమాని ఒకసారి చదవాలని ఒప్పందంలో రాసుకుంటే సరిపోతుంది. ఎటొచ్చీ నెలరోజుల ముచ్చటకు నేనూ వ్యతిరేకమే. దారులు తెలిసేలోపే గడువు అయిపోతుంది.

బాలానగర్‌షెడ్డు
వీడియో మాట నచ్చింది. మా పవర్ ప్రెస్ మీద డై మార్చేసరికి టీ టైం దాటుతుంది, అందుకే అవసరం లేకపోయినా పెద్ద బ్యాచ్ కొట్టి పడేస్తాం. ఒక్కణ్ణే పంపండి, నాలుగు నెలలకు తగ్గకుండా. పదిహేను రోజులకోసారి గైడ్ కూడా షెడ్డుకు రావాలి. వీడియో మా ఫోన్‌లోనే తీయాలి, తన ఫోన్ గేటు దగ్గరే పెట్టాలి.

ఫైనల్‌ఇయర్‌మెక్
స్టైఫండ్ ఎంతన్నా?

బాలానగర్‌షెడ్డు
హెల్పర్‌కు ఇచ్చేదానికి తక్కువ ఇవ్వను, మధ్యాహ్నం భోజనం మాదే. సర్టిఫికెట్ మాత్రం చివరి రోజునే.