సగం కట్టి వదిలేసిన కోబ్రా రెప్లికా కిట్ కొనవచ్చా, కొత్త కిట్టే మేలా?

కోబ్రా_కల:
అందరికీ నమస్కారం. ఏసీ కోబ్రా, అందులోనూ ఉబ్బెత్తు ఫెండర్ల 427 నమూనా, నాకు ఎంతో కాలంగా ఇష్టమైన కారు. 1960లలో అసలు కోబ్రాలు మొత్తం మీద వెయ్యికి అటూఇటూగానే తయారయ్యాయి కనుక వాటి ధర నాబోటివారికి అందేది కాదు. అందుకే రెప్లికా కిట్, అంటే అసలు కారును పోలిన నకలును ఇంట్లో కట్టుకునేందుకు అమ్మే విడిభాగాల మూట, కొని స్వయంగా బిగించుకుందామనుకుంటున్నాను. తయారీదారు నుంచి కొత్త కిట్ తెప్పించుకోవడం ఒక దారి. ఒకరు మొదలుపెట్టి కొన్నేళ్లుగా షెడ్డులో వదిలేసిన కిట్‌ను కొనడం రెండవ దారి. దానికి ఛాసిస్ (అడుగున ఉండే ఉక్కు చట్రం) మీద ఫైబర్‌గ్లాస్ బాడీ కూర్చోబెట్టి ఉంది, సస్పెన్షన్ బిగించి ఉంది, ఇంజన్ లేదు, మిగిలిన సామానంతా అట్టపెట్టెల్లో ఉంది. కొత్త కిట్ ధరలో సగానికంటే తక్కువే అడుగుతున్నారు. ఇంజన్ విప్పి బిగించిన అనుభవం నాకుంది కాని వెల్డింగ్ రాదు. చూడడానికి వెళ్లినప్పుడు ఏమేమి పరీక్షించాలో అనుభవజ్ఞులు చెప్పగలరా?

నిదానమే_ప్రధానం:
కారు కంటే ముందు కాగితాలు చూడండి. కిట్ అనేది చట్టం దృష్టిలో విడిభాగాల మూట మాత్రమే. దానిని రోడ్డు మీద తిప్పగల వాహనంగా నమోదు చేయించే బాధ్యత కట్టినవారిదే. ఆ పద్ధతి దేశాన్ని బట్టి మారుతుంది. బ్రిటన్‌లో ఇంట్లో కట్టిన కారు నమోదుకు ముందు ఐవీఏ అనే తనిఖీలో నెగ్గాలి. అందులో బయటికి పొడుచుకు వచ్చిన అంచుల గుండ్రం కనీసం 2.5 మిల్లీమీటర్ల వ్యాసార్థంతో ఉందా అన్నంత వరకు చూస్తారు. అక్కడ పాత భాగాల వయసు రుజువు చేయలేకపోతే క్యూ అక్షరంతో మొదలయ్యే నంబరు ఇస్తారు, దానివల్ల అమ్మకం విలువ తగ్గుతుంది. అమెరికాలో రాష్ట్రానికో నిబంధన ఉంది. కాబట్టి మీరు ఉండే చోట నమోదు కార్యాలయం ఏ పత్రాలు అడుగుతుందో ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. ఆ తరువాత కిట్ అసలు బిల్లు, దానిపై ఉన్న ఛాసిస్ నంబరు, పాత కారు నుంచి తీసిన భాగాలుంటే ఆ కారు పత్రాలు, ఇవన్నీ అమ్మేవారి దగ్గర ఉన్నాయో లేదో అడగండి. లేవంటే బేరం అక్కడే ఆపవచ్చు.

పానా_పట్టినవాడు:
పై మాటతో ఏకీభవిస్తూ, బండి దగ్గర చూడవలసినవి చెబుతాను.

అసలు కోబ్రా బాడీ అల్యూమినియంది. రెప్లికాల్లో ఎక్కువ భాగం ఫైబర్‌గ్లాస్‌వి. టార్చిలైటును బాడీకి దాదాపు ఆనించి ఏటవాలుగా వేసి చూస్తే, తలుపు కీళ్ల చుట్టూ, బానెట్ మూలల్లో నక్షత్రంలా చీలిన సన్నని పగుళ్లు కనిపిస్తాయి. పైపొరకే పరిమితమైతే భయం లేదు, లోపలి నుంచి కూడా కనిపిస్తే ఆ చోటు బలహీనమైందని అర్థం. తలుపుల సందులు పైనుంచి కిందికి ఒకే వెడల్పుతో ఉన్నాయా అన్నది ఇంకా ముఖ్యం, ఎందుకంటే బాడీని ఛాసిస్ మీద వంకరగా బిగిస్తే ఆ తప్పు మొదట బయటపడేది అక్కడే, దాన్ని సరిచేయడానికి బిగించినదంతా విప్పవలసి వస్తుంది. ఒక్క విషయంలో మాత్రం పాత కిట్‌దే పైచేయి: కొత్త ఫైబర్‌గ్లాస్ కొంతకాలం కుదించుకుంటూనే ఉంటుంది, తొందరపడి రంగు వేస్తే కింద ఉన్న గాజునారల నేత పైకి తేలుతుంది. ఏళ్లు గడిచిన బాడీకి ఆ బెడద తక్కువ.

ఛాసిస్ విషయంలో టేపు వెంట తీసుకువెళ్లండి. అసలు కోబ్రాలో ముందు, వెనుక చక్రాల నడుమ దూరం 90 అంగుళాలు. మీ కిట్‌కు తయారీదారు చెప్పిన కొలత ఎంతైనా, రెండు పక్కలా ఒకటే రావాలి. ముందు ఎడమ నుంచి వెనుక కుడికి, ముందు కుడి నుంచి వెనుక ఎడమకు ఐమూల కొలతలు కూడా సరిపోవాలి. అతుకుల దగ్గర పూత ఉబ్బి ఉంటే వేలితో నొక్కండి, కింద తుప్పు ఉంటే పెళుసుగా రాలుతుంది. వెల్డింగ్ రాని మీకు ఛాసిస్ లోపం ఉన్న కిట్ ఎంత చవకైనా దండగే.

రబ్బరు సామాను మొత్తం మార్చవలసిందేనని లెక్క వేసుకోండి. టైరు పక్కన ఉండే నాలుగు అంకెల తయారీ తేదీలో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక, ఒకసారి నింపి వదిలేసి ఉంటే సిలిండర్ల లోపల తుప్పు పట్టి ఉండవచ్చు.

మూడో_గేరు:
ఇంజన్ లేదన్నారు కదా, అసలు ఖర్చు అక్కడుంది. 427లోది ఏడు లీటర్ల ఫోర్డ్ వీ8. రెప్లికాల్లో మాత్రం చాలామంది అయిదు లీటర్ల ఫోర్డ్ 302 ఇంజన్‌నో దాని తరువాతి వాటినో వాడతారు, అవి తేలిక, సులభంగా దొరుకుతాయి. ఛాసిస్‌కు ఇప్పటికే వెల్డ్ చేసిన ఇంజన్ మౌంట్లు (ఇంజన్‌ను పట్టి నిలిపే బిగింపులు) ఏ ఇంజన్‌కు తగినవో తెలియకుండా ఇంజన్ కొనకండి. స్టీరింగ్ కడ్డీకి, ఎగ్జాస్ట్ గొట్టాలకు మధ్య చోటు చాలా ఇరుకు. వైరింగ్‌లో కూడా ఒక మెలిక ఉంది: ఫైబర్‌గ్లాస్‌లో విద్యుత్తు ప్రవహించదు కనుక ప్రతి దీపానికీ విడిగా ఎర్త్ తీగ లాగాలి. సగం కట్టిన కిట్‌లో ఇది వదిలేసి ఉంటే, వెలగని దీపం కోసం రాత్రులు వెతుక్కుంటారు. (పక్క గొట్టాల ఎగ్జాస్ట్ ఉంటే దిగేటప్పుడు పిక్కలు జాగ్రత్త; కోబ్రా కాటు అని నవ్వుకుంటారు కాని బాగానే కాలుతుంది.)

కోబ్రానే కావాలన్న పట్టుదల లేకపోతే సెవెన్ తరహా కిట్ గురించి ఆలోచించండి. 1957లో లోటస్ తెచ్చిన ఆ కారు హక్కులు 1973 నుంచి కేటర్‌హామ్‌వి. మొదటి నుంచీ ఇంట్లో బిగించుకోవడాన్ని దృష్టిలో పెట్టుకుని రూపొందినది కనుక తలనొప్పులు తక్కువ. పోర్షె స్పీడ్‌స్టర్ రెప్లికాలు మాత్రం మీకు చెప్పను: వాటిలో చాలా వాటికి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ అడుగుభాగాన్ని, ముందు వెనుక చక్రాల నడుమ దూరం 2,400 నుంచి 2,100 మిల్లీమీటర్లకు తగ్గేలా, కోసి అతకాలి, అది వెల్డింగ్ పనే.

కోబ్రా_కల:
ముగ్గురికీ ధన్యవాదాలు. నా మనసు కోబ్రా మీదే ఉంది. అమ్మేవారిని ఫోనులో అడిగాను: బిల్లు ఉంది కాని అది అంతకుముందు యజమాని పేరిట ఉంది, తయారీ సంస్థ మూతపడింది, ఛాసిస్ నంబరు పలక బాడీ కింద ఎక్కడో ఉండాలంటున్నారు.

నిదానమే_ప్రధానం:
"ఉండాలి" అన్న మాట మీద డబ్బు కట్టకండి. పలకను వారే కనిపెట్టి, బిల్లులోని నంబరుతో కలిపి ఫోటో పంపమనండి. పాత యజమాని నుంచి అమ్మకపు పత్రం తెప్పించడం కూడా వారి పనే. ఆ రెండూ చేతికి వస్తే, టేపు, టార్చి పట్టుకుని వెళ్లండి. రాకపోతే దానిని కారుగా కాక ఇరుసు, చక్రాలు, గాజు, సీట్లుగా విడివిడిగా లెక్కగట్టి ఆ మొత్తమే చెప్పండి. సంస్థ మూతపడినందువల్ల పెట్టెల్లో తగ్గిన సామాను తిరిగి దొరకదు, కనుక బిగింపు పుస్తకంలోని భాగాల పట్టిక దగ్గర పెట్టుకుని అక్కడే ఒక్కొక్కటీ సరిచూసుకోండి. విండ్‌షీల్డ్ ఫ్రేమును మాత్రం మరిచిపోవద్దు.