ఒండాన్‌సెట్రాన్ ఇచ్చినా వాంతులు ఆగకపోతే అంబులెన్స్‌లో ఇంకేం చేయొచ్చు?

ప్రశ్న
అంబులెన్స్‌లో చేరి ఎనిమిది నెలలైంది. నిన్న రాత్రి ఒక పెద్దావిడ, షుగర్ పేషెంట్. సాయంత్రం నుంచి వాంతులు, ఒళ్ళంతా చెమట. నొప్పి ఎక్కడా లేదంది. షుగర్ 212. ఒండాన్‌సెట్రాన్ 4 మిల్లీగ్రాములు నరంలోకి ఇచ్చాను. బండి కదలగానే మళ్ళీ మొదలు. దారి పొడవునా నా చెయ్యి పట్టుకుని ఓకరిస్తూనే ఉంది. ఆ సూది తప్ప నా దగ్గర ఇంకేమీ లేదా అని బాధగా ఉంది.

జవాబు 1
తమ్ముడూ, ఈసీజీ తీశావా? మందు సంగతి తర్వాత. షుగర్ ఉన్న పెద్దవాళ్ళకు గుండెపోటు నొప్పి లేకుండా వాంతులు, చెమటలతోనే రావచ్చు. మొదట్లో నేను ఒకాయన్ని గ్యాస్ అనుకుని తీసుకెళ్ళాను. ఆసుపత్రిలో తీసిన ఈసీజీలో గుండె కింది గోడకు దెబ్బ తగిలినట్టు కనిపించింది. ఆ కాగితం ఇప్పటికీ కళ్ళముందే ఉంది. పైగా ఒండాన్‌సెట్రాన్ క్యూటీని (ఈసీజీలో గుండె ఒక్కో కొట్టుకోవడం తర్వాత మళ్ళీ సిద్ధమయ్యే సమయాన్ని) పొడిగిస్తుంది, దాంతో గుండె లయ తప్పొచ్చు. వాంతులతో పొటాషియం పడిపోయినవాళ్ళకు అది ఇంకా ప్రమాదం. అందుకే వీలైతే ముందు 12 లీడ్ ఈసీజీ, తర్వాతే సూది.

ఇక నీ దగ్గర ఇంకోటి ఉంది: చర్మం తుడిచే స్పిరిట్ స్వాబ్. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ది. ముక్కుకి రెండు సెంటీమీటర్ల కింద పట్టి, ముక్కుతో లోతుగా పీల్చమను. కొన్ని నిమిషాల్లోనే వికారం తగ్గుతుంది. 2018లో వచ్చిన ఒక ట్రయల్‌లో, నోటితో ఇచ్చిన ఒండాన్‌సెట్రాన్ ఒక్కదానికంటే ఇది పీల్చినవాళ్ళకే వికారం బాగా తగ్గింది. నేనైతే సెలైన్ లైన్ పెట్టేలోపే స్వాబ్ చేతికిస్తాను.

జవాబు 2
మందుకంటే ముందు గొంతు కాపాడాలి, అంటే వాంతి ఊపిరి దారిలోకి పోకుండా చూడాలి. స్పృహలో ఉంటే కూర్చోబెట్టండి. మగతగా ఉంటే పక్కకు తిప్పి, సక్షన్ (నోట్లోది పీల్చి తీసే యంత్రం) ఆన్ చేసి చేతికందేలా పెట్టుకోండి. వెన్నెముక కదలకుండా బోర్డుకి కట్టిన పేషెంట్‌కి వాంతి వస్తే తల ఒక్కటే తిప్పకండి, బోర్డుతో సహా పక్కకు వంచాలి.

ప్రశ్న అడిగిన వ్యక్తి
ఈసీజీ తీయలేదన్నా. నొప్పి లేదంది కదా అని వదిలేశాను. స్వాబ్ సంగతి ఎవరూ చెప్పలేదు. సూది కూడా ఒక్కసారిగా తోసేశాను.

జవాబు 1
రెండు నుంచి ఐదు నిమిషాలు పట్టాలి. గడియారం చూసుకుంటూ ఇవ్వు. ఆవిడ ఏ వార్డులో ఉందో కనుక్కుని, ఈసీజీ తీశారా అని ఇప్పుడే ఫోన్ చేసి అడుగు.